ఉడికినా చావదు: దావత్ డేగ్‌లో దాక్కునే స్పోరు కథ

రెండేళ్ల కిందట కర్లపాలెంలో మా చుట్టాలింట వలీమా జరిగింది. జొహర్ నమాజు కాగానే డేగ్‌లు దించారు, పంక్తులు మొదలయ్యాయి. వస్తారనుకున్నంత మంది రాలేదు. మాంసం కూర ఒక డేగ్‌లో సగం దాకా మిగిలింది, పలావు కూడా కొంత. మూతలు పెట్టి, పైన గుడ్డలు కప్పి పందిట్లోనే ఉంచారు. మగ్రిబ్ తర్వాత టిఫిన్ క్యారియర్లలో పెట్టి ఇళ్లకు పంచారు. రిజ్క్‌ని పారబోస్తామా? మా ఇంటికీ వచ్చింది. ఇషా తర్వాత తిన్నాం. ఫజర్ అజాన్ వేళకు మా వీధిలో నాలుగైదు ఇళ్లలో కడుపునొప్పి, విరేచనాలు.

విచిత్రం ఏమిటంటే, మధ్యాహ్నం అదే డేగ్‌లోది తిన్నవాళ్లకు ఏమీ కాలేదు.

ఎవరి మాట వాళ్లు అన్నారు. నజర్ తగిలిందని ఖాలా, నూనె కల్తీ అని చిచ్చా. చివరికి తప్పంతా బవర్చీ మీద పడింది, మాంసం సరిగా ఉడికించలేదని. ఆయనకు రావాల్సిన రెండు పెళ్ళిళ్ల ఆర్డర్లు పోయాయి. మాంసం బాగానే ఉడికిందని తిన్న మాకందరికీ తెలుసు, ముక్క ఎముక నుంచి ఊడి వస్తోంది. అయినా ఎవరూ నోరు విప్పలేదు.

ఆ రోజు కూరను ఎవరూ ల్యాబ్‌కు పంపలేదు కాబట్టి ఫలానా క్రిమే కారణమని నేను తేల్చి చెప్పలేను. కానీ వేళలు చూడండి. మధ్యాహ్నం దించింది రాత్రి దాకా వెచ్చగా ఉంది. తిన్న ఎనిమిది గంటలకు కడుపు పట్టేసింది. వాంతులు పెద్దగా లేవు. ఒక రోజులో తగ్గిపోయింది. ఈ నాలుగూ కలిస్తే డాక్టర్లు ముందుగా అనుమానించే పేరు ఒకటి ఉంది: క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్. పెద్ద పాత్రల్లో వండిన మాంసం అంటే దీనికి మహా ఇష్టం. నేను చదివింది బి.కాం., జీవశాస్త్రం ఇంటర్ ముందే వదిలేశాను. అయినా ఆ బవర్చీ కోసం ఈ క్రిమి సంగతి తెలుసుకుందామని కూర్చుంటే, చివరికి అది నాకు తెలిసిన ఆఫీసు లెక్కలాగే కనిపించింది.

కొన్ని బ్యాక్టీరియాలకు ఒక విద్య ఉంది. తిండి అయిపోతే, బతకడం కష్టమైతే, అవి తమలోపల ఒక గట్టి గుళికను తయారుచేసి అందులో తమ జన్యువుల ప్రతిని దాచేస్తాయి. దాన్నే స్పోరు అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అని ఉంటుంది. స్పోరు తినదు, పెరగదు, కదలదు. విత్తనం గాదెలో ఉన్నట్టు ఉంటుంది. నీళ్లు మరిగినా కొన్ని రకాల స్పోర్లు చావవు. ఎండకూ, ఎండిపోవడానికీ, చాలా మందులకూ తట్టుకుంటాయి. మనకు తెలిసిన జబ్బుల్లో ఎన్నో ఈ జాతివే: ధనుర్వాతం, పశువులకు వచ్చే దొమ్మ, జబ్బవాపు, గొర్రెలకు వచ్చే చిటుక రోగం. చిటుక రోగానికీ, వలీమా కూరకూ కారణం ఒకే క్రిమిలోని వేర్వేరు రకాలు.

ఈ సంగతి బయటపడి దాదాపు 150 ఏళ్లయింది. 1876లో జర్మనీలో రాబర్ట్ కోహ్ అనే పల్లెటూరి డాక్టరు దొమ్మ క్రిమి పుల్లల్లా పెరగడం, తర్వాత ఆ పుల్లల్లో మెరిసే గింజలు ఏర్పడడం, ఆ గింజల్లోంచి మళ్లీ పుల్లలు రావడం మైక్రోస్కోపులో చూశాడు. అదే ఏడాది ఫెర్డినాండ్ కోన్ గడ్డి నానబెట్టిన నీళ్లను మరిగించి, అందులోనూ చావకుండా మిగిలే గింజల గురించి రాశాడు. ఆ గడ్డి క్రిమి పేరు బాసిల్లస్ సబ్‌టిలిస్. మనకు హాని చేయదు, పొలం మట్టిలో ఎక్కడైనా దొరుకుతుంది. స్పోరు ఎలా తయారవుతుందో శాస్త్రవేత్తలకు తెలిసిందంతా ఎక్కువగా దీని దగ్గర నేర్చుకున్నదే.

ఇక అసలు విషయం. ఈ క్రిమికి సుమారు 4,100 జన్యువులు ఉన్నాయి. 1997లో వాటన్నిటినీ చదివేశారు. జన్యువు అంటే ఒక ప్రొటీన్ ఎలా చేయాలో రాసి ఉన్న పేజీ అనుకోండి. మొత్తం పుస్తకం ప్రతి కణంలోనూ ఉంటుంది. కానీ ఏ పేజీ ఎప్పుడు తెరవాలి అన్నదే ప్రశ్న. అన్ని పేజీలూ ఒకేసారి తెరిస్తే ఆఫీసు మూతపడుతుంది.

పేజీని నకలు తీసే గుమాస్తా ఒకడున్నాడు, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అంటారు. ఈ గుమాస్తా తనంతట తాను ఏ పేజీ తీయాలో నిర్ణయించుకోలేడు. పక్కన సంతకం పెట్టే అధికారి ఒకరు ఉండాలి. ఆ అధికారి పేరు సిగ్మా ఫ్యాక్టర్. ఒక్కో సిగ్మాకు ఒక్కో రకం పేజీల మీదే అధికారం. మామూలు రోజుల్లో పనిచేసే సిగ్మా వేరు. స్పోరు పని మొదలైతే కొత్త అధికారులు వస్తారు: సిగ్మా-ఎఫ్, సిగ్మా-ఈ, సిగ్మా-జీ, సిగ్మా-కే. వీళ్లు ఒకరి తర్వాత ఒకరు, తలా ఒక గదిలో కూర్చుంటారు. స్పోరుకు సంబంధించిన 500కు పైగా జన్యువులు వీళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి.

అసలు మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయమే పెద్ద తతంగం. స్పోరు చేయడం ఖర్చుతో కూడిన పని, ఏడెనిమిది గంటలు పడుతుంది, సగంలో దాటిపోయాక వెనక్కి రావడం కుదరదు. అందుకే క్రిమి తొందరపడదు. ఆకలి కబురు తెలిసిన కొన్ని ప్రొటీన్లు ఒక ఫాస్ఫేట్ ముద్రను మొదటి టేబుల్‌కు ఇస్తాయి. అక్కడి నుంచి రెండో టేబుల్, అక్కడి నుంచి చివరి టేబుల్. చివర కూర్చున్న పెద్ద అధికారి పేరు స్పో-జీరో-ఏ. మధ్యలో ముద్రను చెరిపేసే ప్రొటీన్లు కూడా ఉన్నాయి. మన మండల ఆఫీసులో ఫైలు తిరిగినట్టే అన్నమాట, కాకపోతే ఇక్కడ ప్రతి టేబుల్‌కూ నిజంగా పని ఉంది. ముద్ర పడిన స్పో-జీరో-ఏ కొంచెం పోగైతే ఒక రకం పేజీలు తెరుచుకుంటాయి, బాగా పోగైతేనే స్పోరు పేజీలు తెరుచుకుంటాయి. కొంచెం పోగైన దశలో ఈ క్రిమి చేసే పని తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. విషం వదిలి పక్కనున్న తన సొంత జాతినే చంపి, వాటిలోంచి కారిన తిండితో స్పోరు పని వాయిదా వేసుకుంటుంది. 2003లో ఈ సంగతి బయటపెట్టినవాళ్లు దానికి నరమాంస భక్షణ అన్న అర్థం వచ్చే మాటే వాడారు.

అయినా ఆకలి తీరకపోతే కణం రెండుగా చీలుతుంది. మామూలుగా నడిమికి సమానంగా చీలే కణం ఈసారి ఒక చివర గోడ కడుతుంది. ఒక చిన్న గది, ఒక పెద్ద గది. చిన్నది రేపటి స్పోరు, పెద్దది దాని తల్లి కణం. గోడ కట్టే తొందరలో జన్యు దారం మూడోవంతుకు కాస్త తక్కువే చిన్న గదిలో ఉంటుంది, మిగతాది తల్లి వైపు వేలాడుతూ ఉంటుంది. గోడలో అమర్చిన ఒక ప్రొటీన్ పంపు మిగతా దారాన్ని లాగి లోపల వేస్తుంది. అప్పుడు రెండు గదుల్లోనూ ఒకే పుస్తకం, పూర్తిగా. కానీ ఇక నుంచి రెండు గదులూ వేర్వేరు పేజీలు చదువుతాయి.

సిగ్మా-ఎఫ్ గోడ కట్టక ముందే తయారై ఉంటుంది, అయితే బందీగా. ఇంకో ప్రొటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. గోడ లేచాక చిన్న గదిలో మాత్రమే దానికి విడుదల దొరుకుతుంది. సిగ్మా-ఎఫ్ పని మొదలుపెట్టగానే గోడ అవతలికి ఒక కబురు పంపుతుంది. తల్లి గదిలో సిగ్మా-ఈ ముక్కుకు తాళం వేసిన స్థితిలో సిద్ధంగా ఉంది. కబురు అందగానే ఆ అడ్డు ముక్క తెగిపోతుంది, సిగ్మా-ఈ సంతకాలు మొదలవుతాయి. దాని పేజీల ప్రకారం తల్లి కణం చిన్న గదిని చుట్టూ కమ్మేసి తన కడుపులోకి తీసుకుంటుంది. అది పూర్తయ్యాకే లోపలి గదిలో సిగ్మా-జీ లేస్తుంది. మళ్లీ లోపలి నుంచి బయటికి కబురు. అప్పుడు తల్లి కణంలో సిగ్మా-కే.

మాకు ఆడిటింగ్ పేపర్లో ఒక సూత్రం చెప్పేవాళ్లు: డబ్బు తీసేవాడూ, లెక్క రాసేవాడూ ఒకడే కాకూడదు, ఒకరి పని పూర్తయినట్టు ఇంకొకరు చూశాకే తర్వాతి మెట్టు. ఈ క్రిమి అదే చేస్తోంది. లోపలి గది ఒక మెట్టు ఎక్కితే గానీ బయటి గది ఎక్కదు, బయటి గది ఎక్కితే గానీ లోపలిది ఎక్కదు.

సిగ్మా-కే దగ్గర ఒక వింత ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గడ్డి క్రిమిలో సిగ్మా-కే జన్యువు పేజీ రెండు ముక్కలుగా చిరిగి ఉంటుంది. మధ్యలో 48,000 అక్షరాల పొడుగున్న వేరే దారం ఇరికి ఉంటుంది. తల్లి కణంలో మాత్రమే, సరైన సమయానికి, ఆ మధ్య భాగాన్ని కత్తిరించి పారేసి రెండు ముక్కలనూ అతికిస్తారు. 1989లో ఇది కనుక్కున్నారు. సొంత పుస్తకాన్ని అట్లా చింపుకుంటే పిల్లలకు నష్టం కాదా అని అడగొచ్చు. కాదు, ఎందుకంటే తల్లి కణానికి వేరే పిల్లలు ఉండరు. స్పోరుకు చివరి తొడుగులు కట్టి, అది పగిలి చచ్చిపోతుంది. చిరగని పుస్తకం స్పోరు లోపల భద్రంగా ఉంటుంది.

లోపల సిగ్మా-జీ చేయించే పనులు కూడా గట్టివే. జన్యు దారం చుట్టూ చిన్న చిన్న ప్రొటీన్లు చుట్టుకుని దాన్ని కాపాడతాయి. తల్లి కణం తయారుచేసిన డైపికోలినిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి లోపలికి చేరుతుంది, నీళ్లు బయటికి పోతాయి. మరిగే నీళ్లలోనూ స్పోరు తట్టుకునేది ఇందుకే. ఇంకో ముఖ్యమైన పని, తలుపు గంటలు పెట్టడం. బయట తిండి ఉందని తెలిపే ప్రొటీన్లను స్పోరు తయారయ్యేటప్పుడే దాని పొరలో అమర్చేస్తారు. ఏళ్ల తర్వాతైనా సరే, తగిన తిండి తగలగానే ఆ గంట మోగుతుంది, కొన్ని నిమిషాల్లో స్పోరు మేలుకుంటుంది.

ఇప్పుడు మళ్లీ కర్లపాలెం పందిట్లోకి రండి. మట్టిలో, పశువుల పేగుల్లో ఉండే పెర్ఫ్రింజెన్స్ స్పోర్లు మాంసంతోనో మసాలాలతోనో డేగ్‌లోకి వచ్చాయనుకుందాం. కూర ఉడికింది. మామూలు క్రిములన్నీ చచ్చాయి. ఈ స్పోర్లు చావలేదు. పైగా ఆ వేడి వాటిని మేల్కొనడానికి సిద్ధం చేసింది. మరిగిన కూరలోంచి గాలి పోయింది, గాలి లేని చోటే దీనికి కావాలి. పోటీకి వేరే క్రిమి లేదు. మాంసం నిండా ప్రొటీన్. పెద్ద డేగ్ నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. 43 నుంచి 45 డిగ్రీల దగ్గర ఈ క్రిమి దాదాపు పది నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. చక్రవడ్డీ లెక్క వేయండి: రెండు గంటల్లో ఒకటి 4,096. మూడు గంటల్లో 2,62,144. మధ్యాహ్నం తిన్నవాళ్లకు ఎందుకు ఏమీ కాలేదో, రాత్రి తిన్నవాళ్లకు ఎందుకు అయిందో ఈ లెక్కలోనే ఉంది.

కానీ అవి కూరలో ఉన్నప్పుడు విషం చేయవు, లేదా చేసినా లెక్కలోకి రానంత. బతికి ఉన్న క్రిములు లక్షల్లో మన పేగుల్లోకి వెళ్లాక, అక్కడ స్పోరు పని మొదలుపెడతాయి. వీటి ఆఫీసులో గడ్డి క్రిమికి ఉన్నట్టు మధ్య టేబుళ్లు లేవు, ముద్ర నేరుగా పెద్ద అధికారికే చేరుతుంది. తర్వాత అవే సిగ్మాలు. మన కడుపును పట్టేసే విషం జన్యువు ఏ పేజీల్లో ఉందో తెలుసా? సిగ్మా-ఈ, సిగ్మా-కే సంతకం పెట్టే పేజీల్లో. స్పోరు తొడుగుల పేజీలు తెరిచే చేతులే విషం పేజీనీ తెరుస్తాయి. విషం తల్లి కణంలో పోగవుతుంది. స్పోరును వదలడానికి తల్లి కణం పగిలినప్పుడు అది పేగులోకి కారుతుంది. తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకు నొప్పి రావడం అందుకే.

అన్నం సంగతి ఇంకోటి. వడ్ల పొలం మట్టిలో బాసిల్లస్ సీరియస్ అని ఇంకో స్పోరు క్రిమి ఉంటుంది, బియ్యంతో వంటింట్లోకి వస్తుంది. వండిన అన్నాన్ని బయటే గంటలు గంటలు వదిలేస్తే అందులో పెరిగి విషం చేస్తుంది. ఆ విషం తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు చేయిస్తుంది. ఆ విషం జన్యువులను మామూలుగా నొక్కిపెట్టి ఉంచే ప్రొటీన్‌ను తప్పించేది కూడా మన పాత పెద్ద అధికారి స్పో-జీరో-ఏనే. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు వరసగా వాంతులైతే ఈ క్రిమి పట్టుబడింది. రాత్రి అన్నం పొద్దున పెనం మీద వేయిస్తే సరిపోతుందని మనమూ అనుకుంటాం. క్రిమి చావొచ్చు గానీ, ఈ విషం వేయించినా పోదు.

మా గుంటూరు వైపు రైతులకు ఈ సిగ్మాలు తెలియకుండానే పరిచయం. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్, ఇదీ స్పోరు క్రిమే. ఇది స్పోరు చేసే వేళ తల్లి కణంలో ఒక స్ఫటికంలాంటి ప్రొటీన్ పేర్చుకుంటుంది, అది తిన్న పురుగు కడుపు చిల్లుపడి చస్తుంది. ఆ ప్రొటీన్లలో చాలావాటి జన్యువులకూ సంతకం పెట్టేది సిగ్మా-ఈ, సిగ్మా-కే. పత్తి మొక్కలో పెట్టినప్పుడు మాత్రం ఆ జన్యువుకు వేరే స్విచ్ తగిలించారు. మొక్కలో సిగ్మాలు ఉండవు కదా.

బక్రీద్ ముందు చెప్పాల్సింది ఒకటి మిగిలింది, దొమ్మ. 2016లో అరకు ప్రాంతంలో మనుషులకు చర్మం మీద ఈ జబ్బు పుండ్లు వచ్చాయి. 2021 అక్టోబర్‌లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు చనిపోతే దొమ్మ అని తేలింది. ఈ క్రిమి బతికున్న జంతువు రక్తంలో స్పోరు చేయదు. రక్తం బయటి గాలికి తగిలితేనే స్పోరు పేజీలు తెరుచుకుంటాయి. చచ్చిన జీవాన్ని కోయకుండా వదిలేస్తే లోపలి క్రిములు కుళ్లుతో చాలావరకు చచ్చిపోతాయి. కోస్తే, తోలు తీస్తే, ఆ నేలంతా స్పోర్లే. బ్రిటన్ వాళ్లు 1942లో స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ అనే దీవిలో దీన్ని బాంబుగా పరీక్షించారు. 1986లో ఫార్మాల్డిహైడ్ పోసి నేలను శుభ్రం చేశారు, 1990లో గానీ ఆ దీవికి వెళ్లొచ్చని ప్రకటించలేదు.

చచ్చిన జంతువు మాంసం మనం ఎట్లాగూ ముట్టం. అయినా ఖుర్బానీకి తెచ్చి కట్టేసిన పొట్టేలు రాత్రికి రాత్రి చచ్చిపోతే, వేలకు వేలు పోసి కొన్నది కదా, కనీసం తోలైనా దక్కుతుందని అనిపించడం సహజం. ముక్కులోంచో నోట్లోంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారి, పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు, కత్తి పెట్టొద్దు. పిల్లల్నీ కుక్కల్నీ దూరంగా ఉంచి పశువైద్యుడికి కబురు చేయాలి. మన రాష్ట్రంలో 1962కు ఫోన్ చేయొచ్చు. పూడ్చడమా కాల్చడమా, ఎంత లోతు అన్నది వాళ్లు చెబుతారు.

ఇక డేగ్ విషయానికి వస్తే, స్పోరును చంపడం మన పొయ్యి మీద కుదిరే పని కాదు. ఆస్పత్రుల్లో ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దగ్గర పావుగంట పెడితే గానీ అది చావదు. మన చేతిలో ఉన్నది దానికి మేలుకుని పెరిగే సమయం ఇవ్వకపోవడమే. వడ్డించేదాకా సన్నని సెగ మీద, 60 డిగ్రీలకు పైగా ఉంచాలి. చెయ్యి పెట్టలేనంత వేడి, ఆవిరి పోతూ ఉండాలి. గోరువెచ్చగా వదిలేయడమే ప్రమాదం. మిగులుతుందని అనిపించిన క్షణమే పంచేయండి, మగ్రిబ్ దాకా ఆగొద్దు. పంచలేకపోతే లోతైన గిన్నెలో కాకుండా రెండు మూడు అంగుళాల మందంలో వెడల్పు పళ్లేల్లో పోసి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ తినేటప్పుడు కూర లోపలి దాకా సలసల కాగాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగించండి. ముసలివాళ్లకు, పసిపిల్లలకు, గర్భిణులకు అయితే ఆగకుండా డాక్టరు దగ్గరికి.

ఆ బవర్చీ ఇప్పుడు బాపట్ల వైపు పనులు చేస్తున్నాడు. ఇదంతా రాయడానికి ముందు వెళ్లి ఆయనకు చెప్పాను. సిగ్మాల దగ్గర ఆయన నవ్వాడు గానీ, పది నిమిషాలకు రెట్టింపు అన్న మాట దగ్గర గరిటె ఆపాడు. డేగ్ దించాక మిగిలినదాన్ని ఎంతసేపట్లో తీసేయాలో ముందే పెళ్ళివారితో మాట్లాడుకుంటానన్నాడు. మా చుట్టాలతో నేను ఇంకా మాట్లాడాల్సి ఉంది.